దమ్ము ట్రాక్టరూ, పందెం కారూ

తాటిచెట్టు మీంచి పండు రాలి పడటం దగ్గర్నుంచి చూసినవాళ్ళు మీలో ఎవరర్రా? ఇలా ముందుకి జరగండి, ఆ మూలన కూర్చుంటే నా గొంతు మీకు వినబడదు. పండు ముచ్చిక వదిలిందంటే ఇంక మధ్యలో దాన్ని ఆపేదేం ఉండదు. చెట్టు ఇరవై మీటర్ల ఎత్తు ఉందనుకోండి. అంటే అరవై అయిదు అడుగులు, ముసలి తాళ్ళు కొన్ని అంత ఎత్తుంటాయి. పండు నేలని తాకడానికి రెండు సెకన్లు పడుతుంది. ఒకటీ... రెండూ... ధబ్! తాకేసరికి దాని వేగం గంటకి 70 కిలోమీటర్లు. తాటిచెట్ల కింద పడుకోవద్దని నాయనమ్మ కేకలేసేది అందుకే.

ఇప్పుడు అదే చెట్టు మొదట్లో ఒక కారు నిలబెడదాం. పండు ముచ్చిక వదిలిన క్షణానే కారూ కదిలింది. పండు నేలకి తగిలేలోపు ఆ కారు గంటకి 100 కిలోమీటర్ల వేగం దాటేస్తుంది! మళ్ళీ చెబుతా, బాగా వినండి. ఇంత పెద్ద భూమి తన బలంతో కిందికి లాగుతున్న పండు కన్నా, నేల మీద అడ్డంగా పరిగెత్తే కారు ముందు వేగం అందుకుంటుంది. నాకీ లెక్క మొదటిసారి తేలినప్పుడు కాగితం పక్కన పెట్టి కాసేపు అలా కూర్చుండిపోయాను.

ఆ కారు పేరు పినిన్‌ఫరీనా బాటిస్టా. నిలబడ్డ చోట నుంచి 100 కిలోమీటర్ల వేగానికి 1.86 సెకన్లు, 200కి 4.75 సెకన్లు అని కంపెనీ లెక్క చెబుతుంది. మొత్తం 150 కార్లకి మించి చెయ్యం అన్నారు. పెట్రోలు లేదు, డీజిలు లేదు, అంతా కరెంటు మీదే. బాటిస్టా ఫరీనా అని ఇటలీలో ట్యూరిన్ నగరపు పెద్దాయన ఒకాయన ఉండేవాడు. 1930లో కార్లకి ఒళ్ళు తయారుచేసే కార్ఖానా పెట్టాడు. అందమైన కారు అంటే ఇలా ఉండాలి అని లోకానికి నేర్పినవాళ్ళలో ఆయనొకడు. ఆయన పేరే ఈ బండికి పెట్టారు.

ఇటలీ కారుకీ మన నెమలి ఊరికీ ఏం సంబంధం తాతయ్యా అని అడుగుతావనే చూస్తున్నా. ఉంది రా అబ్బాయ్. ఆ పినిన్‌ఫరీనా కంపెనీని మన దేశపు మహీంద్రా వాళ్ళు కొన్నారు, 2015 చివర్లో ఒప్పందం అయింది. 2018లో ఈ వేగం కార్ల కోసం వేరే సంస్థే పెట్టారు. మహీంద్రా అంటే మీకు గుర్తొచ్చేదేంటి? ట్రాక్టరు! జహీరాబాదులో వాళ్ళ ట్రాక్టర్ల ఫ్యాక్టరీయే ఉంది. ఆ యజమానుల చేతికిందే బాటిస్టా కూడా తయారైంది. ఇంతకీ నేను ఇవాళ చెప్పబోయేది యజమానుల సంగతి కాదు. ఆ కారులో ఉన్న గొప్ప కిటుకు ఒకటి మన ట్రాక్టరు డ్రైవరు ప్రతి ఏడూ దమ్ము చేసేటప్పుడు కాలితో చేస్తూనే ఉంటాడు. దాని దగ్గరికి వస్తాను, తొందరపడకండి.

ముందు బలం సంగతి. బాటిస్టాకి 1900 గుర్రాల శక్తి అంటారు. గుర్రాలతో మనకేం పని, బోరు మోటార్లతో చెప్పుకుందాం. మిరప చేలో ఉన్నది అయిదు హెచ్‌పీ మోటారు కదా? అలాంటివి 380 మోటార్లు ఒకేసారి వేస్తే ఎంత శక్తో, ఆ ఒక్క కారులో అంత శక్తి. కరెంటు లెక్కలో 1400 కిలోవాట్లు. మన చేల గట్ల మీద ఉండే ట్రాన్స్‌ఫార్మర్ల మీద 63 అనో, 100 అనో రాసుంటుంది, చూశారా? ఆ 100 వాటిని పద్నాలుగింటిని వరసగా నిలబెడితే గానీ ఆ కారు అడిగినంత కరెంటు ఇవ్వలేవు. మరి ఆ కారు వెంట తీగ లాక్కెళ్ళదుగా, అంతా బ్యాటరీలోంచే రావాలి. బ్యాటరీలో పట్టేది 120 యూనిట్లు. మామూలు ఇంటికి ఒక నెల సరిపోయే కరెంటు. దాన్ని ఆ కారు పూర్తి శక్తితో వాడుతూ పోతే ఎంతసేపు వస్తుందో భాగించి చూడండి. 120ని 1400తో భాగిస్తే గంటలో పన్నెండో వంతు. అయిదు నిమిషాలు! నెల రోజుల కరెంటు అయిదు నిమిషాల్లో హారతి కర్పూరం. అలా ఎవరూ నడపరనుకోండి. మామూలుగా నడిపితే వందల కిలోమీటర్లు వస్తుంది.

బలం ఇంత ఉంది సరే, బలం ఉంటే చాలా? ఇక్కడే అసలు విషయం. కిందటి వానాకాలం రేగడి చేలో లోడు ట్రాక్టరు దిగబడింది, మీరూ వచ్చి చూశారుగా. ఇంజను గాండ్రిస్తూనే ఉంది, పొగ వస్తూనే ఉంది, చక్రం గిర్రున తిరుగుతూనే ఉంది. బండి మాత్రం అంగుళం కదల్లేదు. డ్రైవరు ఏక్సిలరేటరు నొక్కినకొద్దీ చక్రం ఇంకా లోతుకి దిగింది. అప్పుడు ఇంజనులో బలం తక్కువైందా? కాలేదు. టైరుకి నేల పట్టు చిక్కలేదు. చివరికి వరిగడ్డి, తుమ్మ కొమ్మలు చక్రం కింద తొక్కిస్తే అప్పుడు పైకొచ్చింది. బండిని ముందుకి నెట్టేది నిజానికి ఇంజను కాదర్రా, నేల. చక్రం నేలని వెనక్కి తోస్తే, నేల బండిని ముందుకి తోస్తుంది. ఇంజను ఆ తోపుడికి బలం మాత్రమే ఇస్తుంది. ఆ మాటని బురద చేలో చూసినంత స్పష్టంగా ఇంకెక్కడా చూడలేం.

బాటిస్టాకీ అదే చిక్కు, తారు రోడ్డు మీద. ఆ కారు బరువు రెండు టన్నుల పైన. 1.86 సెకన్లలో వందకి చేరాలంటే దాన్ని ముందుకి తొయ్యడానికి దాని బరువుకి ఒకటిన్నర రెట్లు బలం కావాలి. అంటే మూడు టన్నుల పై తోపుడు. ఆ తోపుడంతా ఎక్కడ్నుంచి రావాలి? నాలుగు టైర్లు నేలని తాకే చోటు నుంచి. ఒక్కో టైరు రోడ్డుని తాకే మేర మీ రెండు అరచేతులు పక్కపక్కన ఆనించినంత ఉంటుంది. అంతే! కోట్ల రూపాయల కారు, దాని అందం, దాని బలం, లోపల కూర్చున్న మనిషి ప్రాణం, అన్నీ ఆ ఎనిమిది అరచేతుల మీద ఆధారపడి ఉన్నాయి.

ఇంకో లెక్క చూడండి, ఇది నాకు చాలా ఇష్టం. శక్తి అంటే తోపుడిని వేగంతో గుణించడం. తోపుడికి టైరు హద్దు పెట్టేసింది కదా, మూడు టన్నుల చిల్లర దాటి తొయ్యలేదు. కారు గంటకి 36 కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పుడు ఆ హద్దు లోపల వాడుకోగలిగేది సుమారు 300 కిలోవాట్లే. మిగతా 1100 కిలోవాట్లూ ఊరికే కూర్చుంటాయి, వదిలితే చక్రాలు జారిపోతాయి. స్థూలంగా లెక్కేస్తే 150 కిలోమీటర్ల వేగం దాటేదాకా ఆ 1900 గుర్రాలకి పూర్తి పని దొరకదు. కాబట్టి ఇలాంటి కారు చేసేవాళ్ళకి బలం పుట్టించడం సగం పని కూడా కాదు. ఆ బలాన్ని ఏ చక్రానికి, ఏ క్షణంలో, ఎంత వదలాలి అన్నదే వాళ్ళ విద్యంతా.

అమ్మలూ, నువ్వడిగింది మంచి ప్రశ్న. ట్రాక్టరు టైరుకి అంత లావు పళ్ళు ఎందుకు, పందెం కారు టైరు నున్నగా ఎందుకు? నేల మెత్తగా ఉంటే పళ్ళు లోపలికి దిగి మట్టిని గట్టిగా పట్టుకుంటాయి. రోడ్డు గట్టిది, పళ్ళు దిగవు. అక్కడ పట్టు రావాలంటే ఎంత రబ్బరు రోడ్డుకి ఆనితే అంత మంచిది, మధ్యలో గాడి పెడితే అంత రబ్బరు పోయినట్టే. రోడ్డు పైకి నున్నగా కనిపిస్తుంది గానీ చేత్తో తడిమి చూడండి, సన్న కంకర మొనలు తగుల్తాయి. మెత్తటి రబ్బరు వేడెక్కి ఆ మొనల మధ్యకి దిగి అతుక్కుంటుంది. అందుకే పందేల ముందు టైర్లని వేడి చేసుకుంటారు. వాన పడితే కథ మారిపోతుంది. రబ్బరుకీ రోడ్డుకీ మధ్య నీళ్ళు చేరితే బండి నీళ్ళ మీద తేలిపోతుంది. ఆ నీళ్ళు పక్కకి పోవడానికి కాలవలు కావాలి. టైరు మీద గీతలు ఆ కాలవలే. మీ నాన్న మోటారు సైకిలు టైరు అరిగి గీతలు చెరిగిపోయాయంటే మార్చమని నేను పోరు పెట్టేది దానికే.

ఇక దమ్ము దగ్గరికి వద్దాం. మన డ్రైవరు దమ్ము చేస్తుంటే గట్టు మీద కూర్చుని అతని కుడికాలు చూడండి. ట్రాక్టరుకి బ్రేకు పెడలు ఒకటి కాదు, పక్కపక్కనే రెండుంటాయి. ఒకటి ఎడమ వెనక చక్రానికి, ఒకటి కుడి వెనక చక్రానికి. మడి చివరికి వచ్చాడు, ఎడమకి తిరగాలి. స్టీరింగు ఎడమకి తిప్పుతాడు. బురదలో ముందు చక్రాలు జారతాయే గానీ తిరగవు. అప్పుడు ఎడమ పెడలు ఒక్కటే తొక్కుతాడు. ఎడమ చక్రం ఆగింది, కుడి చక్రం తిరుగుతూనే ఉంది. ఇంకేముంది, ఆగిన చక్రం చుట్టూ బండి మొత్తం ఉన్నచోటే తిరిగిపోతుంది, మూల మడి కూడా మిగలకుండా. రోడ్డెక్కేముందు ఆ రెండు పెడళ్ళనీ కలిపి కొక్కెం పెడతాడు. అది మర్చిపోయి వేగంలో ఒకటే తొక్కితే బండి పల్టీ కొడుతుంది. ఈ కొక్కెం సంగతి పెద్దయ్యాక ట్రాక్టరు ఎక్కేవాడెవడైనా సరే, మరవకూడదు.

అతను చేసింది ఏంటో గమనించారా? స్టీరింగుతో కాదు, ఎడమ కుడి చక్రాల మధ్య తేడా పెట్టి బండిని తిప్పాడు. బాటిస్టాలో చేసిందీ అదే. దానికి ఒక మోటారు కాదు, నాలుగు మోటార్లు, చక్రానికి ఒకటి. మలుపులో కారు బయటికి కొట్టుకుపోతుంటే బయటి వైపు చక్రాలకి కాస్త ఎక్కువ తోపుడు, లోపలి వైపు వాటికి తక్కువ. కారు లోపలికి తిరుగుతుంది. ఒక చక్రం కింద ఇసుకో నీళ్ళో తగిలి జారబోతుందనుకోండి, ఆ చక్రానికి బలం తగ్గించి పట్టు దొరికిన చక్రాలకి పంచుతుంది. మన డ్రైవరు మడి చివర ఒకసారి చేసే పని ఆ కారులో కంప్యూటరు కన్ను మూసి తెరిచేలోపు చాలాసార్లు చేస్తుంది. బ్యాటరీ, మోటార్ల విద్యంతా క్రొయేషియా అనే చిన్న దేశంలోని రిమాక్ కంపెనీది. పెట్రోలు ఇంజనుతో ఇంత సూక్ష్మంగా చెయ్యడం కష్టం. ఇంజనుకి పెట్రోలు పెంచితే అది అందుకుని, గేర్ల గుండా తిరిగి చక్రానికి చేరడానికి కొంత వ్యవధి కావాలి. కరెంటు మోటారుకి అదేం లేదు, మీట వేసిన మరుక్షణం నిలబడ్డ చోటే పూర్తి తిప్పుడు బలం ఇస్తుంది. బోరు మోటారు స్విచ్చి వెయ్యగానే పైపు ఎలా అదిరి కుదుపుతుందో మీకు తెలుసుగా, ఆ కుదుపు అదే.

ఇలాంటి కారు వేగం పేపరు మీద రాసుకోవడం వేరు, నేల మీద చూపించడం వేరు. మధ్యప్రదేశ్‌లో ఇండోర్ దగ్గర పీతంపూర్‌లో బళ్ళని పరీక్షించే పెద్ద ట్రాకు ఒకటుంది. 11.3 కిలోమీటర్ల చుట్టు, 2021లో తెరిచారు. బాటిస్టాని అక్కడికి తెచ్చి పరిగెత్తించారు. పావు మైలు, అంటే దగ్గర దగ్గర 400 మీటర్లు, 8.55 సెకన్లలో దాటింది. వేణుగోపాలస్వామి గుడి దగ్గర గంట కొట్టిన మోత చెవుల్లో పోయేలోపు ఊరు దాటేసినట్టు!

అంత వేగంలో ఇంకో శత్రువు ఎదురొస్తుంది. గాలి. తిరువూరు నుంచి బెజవాడ బస్సులో పోతూ కిటికీలోంచి చెయ్యి బయట పెడితే కండక్టరు తిడతాడు, పెట్టకండి. కానీ కిటికీ దగ్గర మొహానికి తగిలే గాలి మీకు తెలుసు. వేగం రెండింతలైతే గాలి అడ్డు రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. మూడింతలైతే తొమ్మిదింతలు. బస్సు 50లో పోతుంటే బాటిస్టా గరిష్ఠ వేగం 350, అంటే ఏడింతలు. ఒకే ఆకారానికి చూస్తే ఆ వేగంలో గాలి 49 రెట్లు అడ్డం పడుతుంది. అడ్డం పడే గాలితో పాటు ఎత్తేసే గాలి ఇంకోటి. గన్నవరంలో విమానం నేల వదిలేటప్పుడు దాని వేగం ఈ కారు గరిష్ఠ వేగం కన్నా తక్కువే. అంటే కారు ఆకారం సరిగ్గా లేకపోతే అది ఎగరాలనే చూస్తుంది. అందుకని విమానం రెక్కని తిరగేసి కారు వెనక పెడతారు. విమానం రెక్క పైకి ఎత్తితే, ఇది కిందికి నొక్కుతుంది. నొక్కితే టైరుకి పట్టు పెరుగుతుంది. బాటిస్టా రెక్క ఇంకో పని కూడా చేస్తుంది. బ్రేకు గట్టిగా తొక్కితే నిలువుగా లేచి గాలికి అడ్డంగా నిలబడుతుంది, దాంతో గాలే బ్రేకవుతుంది. 100 వేగంలో పోతున్న కారు 31 మీటర్లలో ఆగిపోతుందట. పరిగెత్తడం కన్నా ఈ ఆగడమే నాకు గొప్పగా అనిపిస్తుంది.

ఆగడం అంటే గుర్తొచ్చింది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున కరెంటు కార్ల పందెం జరిగింది, ఫార్ములా-ఈ అంటారు. సచివాలయం పక్కన, ఎన్టీఆర్ గార్డెన్ చుట్టూ మామూలు రోడ్లనే 2.83 కిలోమీటర్ల ట్రాకుగా మార్చారు. మహీంద్రా జట్టు కూడా అందులో పరిగెత్తింది. మరుసటి ఏడు మళ్ళీ జరగాల్సింది, రద్దయింది. నాకైతే అది పెద్ద లోటు. మన రోడ్ల మీద అలాంటి విద్య ప్రతి ఏడూ పిల్లల కళ్ళ ముందు నడిస్తే ఎంత బాగుండేది!

ఆ ఏటి కార్లు డ్రైవరుతో కలిపి 840 కిలోలుండేవి. 322 కిలోమీటర్ల వేగం దాకా పోగలిగేవి. కానీ వాటి అసలు గొప్ప బ్రేకులో ఉంది. మన సైకిలుకి బ్రేకు వేస్తే రబ్బరు చక్రాన్ని రాసుకుని వేడెక్కుతుంది. అంతసేపు తొక్కి సంపాదించిన వేగం వేడిగా మారి గాల్లో కలిసిపోయింది, మళ్ళీ రాదు. కరెంటు మోటారుకి ఒక మంచి గుణం ఉంది. దానికి కరెంటిస్తే చక్రం తిప్పుతుంది, చక్రంతో దాన్ని తిప్పిస్తే కరెంటిస్తుంది. వెనకటి సైకిళ్ళకి లైటు వెలగడానికి డైనమో ఉండేది, మీ నాన్నని అడగండి. అది చక్రానికి ఆనించగానే తొక్కుడు బరువయ్యేది. ఆ బరువే బ్రేకు. పందెం కారు ఆగాలనుకున్నప్పుడు మోటార్లు డైనమోలైపోతాయి. వెనక చక్రాలకి నూనె బ్రేకులకి బదులు మోటారే ఆపే పని చేసేలా కట్టారు. 200 వేగంలో ఉన్న ఆ కారులో దాగిన శక్తి లెక్కేస్తే ఒక యూనిట్లో మూడో వంతు పైన. ఒక్కసారి ఆగితే వచ్చేది అంతేనా అనకండి, మన ఇంట్లో సీలింగు ఫ్యాను నాలుగైదు గంటలు తిరిగే కరెంటు అది! అందులో కొంత మధ్యలో పోతుంది, చాలావరకు బ్యాటరీకి చేరుతుంది. ఒక పందెంలో వాడే కరెంటులో నలభై శాతం పైగా ఇలా బ్రేకుల్లోంచి తిరిగొచ్చిందే అని ఆ కార్లు చేసినవాళ్ళు చెబుతారు.

కాబట్టి అక్కడ డ్రైవరు ఊరికే తొక్కేసుకుంటూ పోతే గెలవడు. ఎక్కడ కాలు తియ్యాలి, ఎక్కడ కరెంటు దాచాలి, చివరి చుట్లకి ఎంత మిగలాలి అని లెక్క వేసుకుంటూ నడపాలి. ఎంత శక్తి ఒకసారి లాగొచ్చో దానికీ కట్టుబాటుంది, ప్రతి కారునీ మీటరు కనిపెట్టి ఉంటుంది. హైదరాబాదులో ఫ్రాన్సు దేశపు జాన్ ఎరిక్ వెర్న్ మొదట వచ్చాడు, న్యూజిలాండు కుర్రాడు నిక్ కాసిడీ అతని వెనకే రెండో వాడు. మూడో వాడిగా గీత దాటింది స్విట్జర్లాండు డ్రైవరు సెబాస్టియన్ బ్యుయెమి. తర్వాత మీటరు చూస్తే అతని కారు ఇచ్చిన హద్దు కన్నా ఎక్కువ శక్తి లాగిందని తేలింది. శిక్షగా సమయం కలిపేసరికి అతను బాగా వెనక్కి పోయాడు, మూడో స్థానం పోర్చుగల్ డ్రైవరు ఆంటోనియో ఫెలిక్స్ ద కోస్టాకి దక్కింది.